కౌంటర్ దగ్గర ఫోన్ ఆనించి బిల్లు కట్టడం ఎలా? నెల్లూరు, ఒంగోలు వాళ్ల కోసం

నెల్లూరులో ఇప్పుడు టీ బంకు నుంచి ట్రంకు రోడ్డు బట్టల షాపు దాకా స్కానర్ లేని కౌంటర్ దొరకడం కష్టం. మైపాడు ఇసకలో బండి పెట్టుకున్నవాళ్ల దగ్గర కూడా క్యూఆర్ కోడ్ అట్ట వేలాడుతుంటుంది. అన్నిచోట్లా స్కాన్ చేసి కట్టేస్తుంటే మళ్లీ ఈ ట్యాప్ గోల, అంటే కార్డుని ఫోన్లో ఎక్కించి ఆ ఫోన్‌ని స్వైపింగ్ మిషన్‌కి ఆనించి కట్టడం, ఎందుకని మీరు అడగొచ్చు.

స్కాన్ చేయడం మానేయమని నేను చెప్పడం లేదు. రోజువారీ చిల్లర ఖర్చులకి మన ఊళ్లలో దాన్ని మించింది లేదు. కాకపోతే అది పనిచేయని పూట ఒకటి వస్తుంది. రాత్రి పదకొండింటికి పొగతోటలో మందుల షాపు ముందు నిలబడి ఉంటారు, బ్యాంకు సర్వర్ డౌన్ అని ఫోన్లో వస్తుంది, పర్సులో ఉన్న నగదు చాలదు. లేదా పెద్ద షాపు సెల్లార్‌లో బిల్లింగ్ కౌంటర్, ఫోన్‌కి ఒక్క గీత సిగ్నల్ రాదు. అలాంటప్పుడు చేతిలో రెండో దారి ఉండాలి. ఆ దారిని ఆ రాత్రి పూట కొత్తగా నేర్చుకోవడం కుదరదు. ఖాళీగా ఉన్న ఒక మధ్యాహ్నం, చిన్న బిల్లు మీద ఒకసారి చేసి చూసుకోవాలి.

ఇంకో కారణం క్రెడిట్ కార్డు. రూపే క్రెడిట్ కార్డుల్ని 2022 నుంచి యూపీఐకి కలుపుకోవచ్చు కాబట్టి అవి ఉన్నవాళ్లు స్కాన్ చేసి కూడా కట్టగలరు. వీసా, మాస్టర్‌కార్డ్ క్రెడిట్ కార్డులకి ఆ వీలు లేదు. వాటిని ఇంట్లో పెట్టి ఫోన్‌తో మాత్రమే బయటికి వెళ్లేవాళ్లకి ట్యాప్ బాగా పనికొస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా ఆండ్రాయిడ్ ఫోన్ల గురించి.

ముందు ఇంట్లో చూసుకోవాల్సినవి

ట్యాప్ పనిచేయాలంటే మూడు కలవాలి: మీ ఫోన్లో ఎన్ఎఫ్‌సీ ఉండాలి, మీ కార్డుని ఫోన్లో ఎక్కించడానికి బ్యాంకు ఒప్పుకోవాలి, షాపులో ఉన్న స్వైపింగ్ మిషన్ ట్యాప్‌ని తీసుకునేదై ఉండాలి. ఈ మూడిట్లో ఏది లేకపోయినా కౌంటర్ దగ్గర ఫోన్ పట్టుకుని వెర్రిమొహం వేయాల్సి వస్తుంది. మొదటి రెండూ ఇంట్లోనే తేలిపోతాయి.

ఎన్ఎఫ్‌సీ అంటే అతి దగ్గరి దూరంలో మాత్రమే పనిచేసే రేడియో. 13.56 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది, నాలుగు సెంటీమీటర్లు దాటితే అందదు. బ్లూటూత్ మాదిరి పక్క గదిలోకి పాకే రకం కాదు. మీ ఫోన్లో ఇది ఉందో లేదో తెలుసుకోవడానికి సెట్టింగ్స్ తెరిచి, పైన వెతికే గడిలో ఎన్ఎఫ్‌సీ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. వస్తే ఉన్నట్టు, ఆన్ చేసుకోండి. ఏమీ రాకపోతే మీ ఫోన్లో ఆ చిప్పే లేదు. ఏ యాప్ వేసుకున్నా అది రాదు. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే పది, పన్నెండు వేల ఫోన్లు చాలావాటిల్లో ఇది ఉండదు. ఒకే మోడల్ బయటి దేశంలో ఎన్ఎఫ్‌సీతో, మన దేశంలో అది లేకుండా వచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి కాబట్టి యూట్యూబ్‌లో ఎవరో చూపించారని నమ్మొద్దు, మీ చేతిలో ఉన్న ఫోన్లోనే చూడండి. దీనికోసమే కొత్త ఫోన్ కొనాల్సిన అవసరమైతే లేదు. ఎలాగూ మారుస్తున్నప్పుడు మాత్రం షాపులో ఈ ఒక్క మాట అడగండి.

అదే సెట్టింగ్స్‌లో కాంటాక్ట్‌లెస్ పేమెంట్స్ అనే చోటు ఉంటుంది. ట్యాప్ చేసినప్పుడు ఏ యాప్ ముందుకు రావాలో అక్కడ ఎంచుకోవాలి. ఒకే ఫోన్లో గూగుల్ పే, శాంసంగ్ వాలెట్ రెండూ ఉన్నవాళ్లు ఇది సరిచూసుకోకపోతే మీరు కార్డు ఎక్కించింది ఒక యాప్‌లో, మిషన్ దగ్గర లేచేది ఇంకొకటి అవుతుంది.

ఫోన్‌కి లాక్ కూడా ఉండాలి. పిన్, ప్యాటర్న్, వేలిముద్ర ఏదో ఒకటి. లాక్ పెట్టకుండా ఫోన్ వాడే పెద్దవాళ్లు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. వాళ్ల ఫోన్లో కార్డు ఎక్కించడానికి యాప్ ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడమే మంచిది.

ఇక కార్డు. మీ డెబిట్ లేదా క్రెడిట్ కార్డు మీద పక్కపక్కన వంగిన నాలుగు గీతలు, వైఫై గుర్తుని పక్కకి తిప్పినట్టు ఉంటే అది ట్యాప్ చేసే కార్డు. కార్డు చేతికి రాగానే ఈ సదుపాయం పనిచేస్తుందనుకోవద్దు. రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులు మొదట ఏటీఎంలోనూ, షాపు మిషన్‌లో పెట్టినప్పుడూ మాత్రమే పనిచేస్తాయి. ఆన్‌లైన్, విదేశీ, కాంటాక్ట్‌లెస్ (అంటే ట్యాప్) వాడకాలని కార్డుదారు స్వయంగా ఆన్ చేసుకోవాలి. బ్యాంకు యాప్ తెరిచి కార్డుల విభాగంలోకి వెళ్తే ఒక్కోదానికీ స్విచ్, పక్కన పరిమితి ఉంటాయి. కాంటాక్ట్‌లెస్ స్విచ్ వేసి, పరిమితి మీకు నచ్చినంత తగ్గించుకోండి. మొదట్లో రెండు వేలు చాలు.

కార్డుని ఫోన్లో ఎక్కించడం

గూగుల్ పే అయితే మీ ఫొటో మీద నొక్కి, కార్డులు జతచేసే చోటికి వెళ్లాలి. శాంసంగ్ ఫోన్ అయితే వాలెట్ యాప్‌లో ప్లస్ గుర్తు. బటన్ల పేర్లు అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మారుతుంటాయి కాబట్టి ఎక్కడ ఏ అక్షరాలుంటాయో చెప్పి మిమ్మల్ని తికమక పెట్టను. కార్డుని కెమెరాతో స్కాన్ చేయమంటుంది, లేదా నంబర్, గడువు తేదీ, వెనక ఉన్న మూడంకెలు కొట్టమంటుంది. ఆ తర్వాత బ్యాంకు నుంచి ఓటీపీ వస్తుంది. అది కొడితే పని అయిపోయినట్టే. మీ బ్యాంకు ఈ సదుపాయం ఇవ్వకపోతే కార్డు జతచేసేటప్పుడే చెప్పేస్తుంది. అప్పుడు ఇంకో బ్యాంకు కార్డుతో చూడండి.

గూగుల్ పేలో మీ బ్యాంకు ఖాతా ఎప్పటినుంచో ఉన్నా, అది యూపీఐ కోసం ఉన్నది. దానితో మిషన్ మీద ట్యాప్ కాదు. కార్డుని వేరేగా ఎక్కించాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు.

ఓటీపీ వచ్చాక ఆ మెసేజ్‌ని నిదానంగా చదవండి. కార్డుని ఫోన్లో జతచేస్తున్నందుకు ఇది, ఎవరికీ చెప్పొద్దు అని దాదాపు ఈ అర్థంలో ఉంటుంది. దీని విలువ మామూలు ఓటీపీ కంటే ఎక్కువ. కొనుగోలు ఓటీపీ ఒక్కటి పోతే ఒక్క లావాదేవీ పోతుంది. ఈ ఓటీపీ ఫోన్లో ఎవడికైనా చెప్పారనుకోండి, మీ కార్డు వాడి ఫోన్లోకి ఎక్కి కూర్చుంటుంది. ఆ తర్వాత వాడు ఏదో ఊరి షాపులో మీ డబ్బుతో ట్యాప్ చేస్తుంటాడు. మీ పర్సులో కార్డు ఎక్కడిదక్కడే ఉంటుంది. కేవైసీ, రివార్డు పాయింట్లు, కరెంటు బిల్లు, ఏ పేరుతో అడిగినా సరే చెప్పకండి.

ఫోన్లోకి వెళ్లింది మీ అసలు కార్డు నంబర్ కాదు. షాపింగ్ మాల్ గుమ్మం దగ్గర బ్యాగు పెట్టి టోకెన్ తీసుకున్నట్టు, అసలు నంబర్ బదులు వేరే నంబర్ ఒకటి ఇస్తారు. దాని పేరు కూడా టోకెనే. రిజర్వ్ బ్యాంకు 2019 జనవరిలో దీనికి అనుమతి ఇచ్చింది. ఆ నంబర్ మీ ఒక్క ఫోన్‌తోనే చెల్లుతుంది కాబట్టి షాపువాళ్లకి మీ అసలు కార్డు నంబర్ చేరదు. కార్డుని వాళ్ల చేతికిచ్చి లోపలికి తీసుకెళ్లనివ్వడం కంటే ఇది నయం అని నేననేది అందుకే.

మొదటిసారి ఎక్కడ

షాపు ఎంపికలోనే సగం పని ఉంది. నెల్లూరులో అయితే మాగుంట లేఅవుట్ వైపు సూపర్ మార్కెట్లు, ట్రంకు రోడ్డు షోరూములు, మాల్‌లోని దుకాణాలు. ఒంగోలులో అయితే ట్రంకు రోడ్డు, కర్నూలు రోడ్డు మీదుండే పెద్ద షాపులు. వీళ్లకి కార్డు బిల్లులు రోజూ తగులుతుంటాయి, మిషన్లు కొత్తవి. చిన్న బజారు, పెద్ద బజారు సందుల్లోని హోల్‌సేల్ కొట్లలో మొదటి ప్రయత్నం చేయకండి. అక్కడ స్వైపింగ్ మిషన్ ఉన్నా సొరుగులో చార్జింగ్ లేకుండా పడి ఉండొచ్చు. ఉదయగిరి చెక్క గరిటెలు కొనేచోట, చేపల మార్కెట్‌లో, కూరగాయల బండి దగ్గర ట్యాప్ మాటే ఎత్తకండి. స్కాన్ చేయండి, లేదా నోటు ఇవ్వండి.

చిన్న కొట్టువాళ్లు కార్డంటే ఎందుకు వెనకాడతారో కూడా తెలిసుంటే మంచిది. యూపీఐకీ, రూపే డెబిట్ కార్డుకీ 2020 జనవరి నుంచి వ్యాపారి మీద కమీషన్ లేదు. మిగతా డెబిట్ కార్డులకి ఉంది. ఏడాదికి ఇరవై లక్షల లోపు వ్యాపారం ఉన్నవాళ్లకి మిషన్ మీద గరిష్ఠంగా 0.40 శాతం, అంతకు మించినవాళ్లకి 0.90 శాతం. క్రెడిట్ కార్డులకి ఇంకా ఎక్కువ పడుతుంది. వంద రూపాయల సరుకు మీద రెండు మూడు రూపాయలు మిగిలే కొట్టాయన దగ్గర క్రెడిట్ కార్డు ట్యాప్ చేస్తానంటే మొహం మాడ్చుకోవడంలో తప్పేమీ లేదు. అయితే డెబిట్ కార్డు మీద రెండు శాతం అదనంగా ఇవ్వమని మిమ్మల్ని అడిగితే ఒప్పుకోనక్కర్లేదు. ఆ కమీషన్ కొనేవాళ్ల మీద వేయకుండా బ్యాంకులు చూడాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఆచారి వీధిలో బంగారం కొనేటప్పుడు ఈ సంగతి గుర్తు పెట్టుకుంటే ఉపయోగం, ఎందుకంటే అక్కడ రెండు శాతమంటే చిన్న మొత్తం కాదు.

వేళ కూడా చూసుకోండి. ఆదివారం సాయంత్రం, పండగ ముందు రోజులు, పెళ్లిళ్ల సీజన్ వద్దు. మామూలు రోజు మధ్యాహ్నం భోజనాల తర్వాత కౌంటర్లు ఖాళీగా ఉంటాయి. వెనక పదిమంది నిలబడి నిట్టూరుస్తుంటే మీకూ టెన్షన్, బిల్లు కొట్టే పిల్లకీ టెన్షన్. బిల్లు రెండు, మూడు వందల లోపు ఉండేలా ఏదైనా కొనండి. జేబులో అంత నగదు కూడా ఉంచుకోండి.

పెట్రోలు బంకులో మొదటిసారి చేయాలని చాలామందికి అనిపిస్తుంది, మిషన్ బండి దగ్గరికే తెస్తారు కదా అని. పైపు పక్కన ఫోన్ వాడొద్దనే బోర్డు అక్కడే ఉంటుంది. బంకులో కట్టాలంటే బండి పక్కకి తీసి, ఆఫీసు గది వైపు వెళ్లి కట్టండి.

కౌంటర్ దగ్గర

సామాన్లు బిల్లింగ్‌కి పెట్టకముందే మిషన్ వైపు ఒక చూపు చూడండి. నాలుగు వంపు గీతల గుర్తు స్క్రీన్ పైనో, పైభాగాన కాగితం బయటికొచ్చే చోటో, పక్కనో ఉంటుంది. ఫోన్ ఆనించాల్సింది ఆ గుర్తు దగ్గరే. కొన్ని కొత్త సౌండ్ బాక్సుల మీద కూడా ఇదే గుర్తు వస్తోంది. రూపాయలు అందాయని చెప్పే ఆ డబ్బాయే కార్డు ట్యాప్‌ని కూడా తీసుకుంటుంది.

అడగడం ఎలాగో కూడా చెబుతాను, ఎందుకంటే గందరగోళం ఎక్కువ అక్కడే. "ఫోన్‌తో కడతాను" అంటే స్కానర్ మీ వైపు తిప్పుతారు. "కార్డు" అంటే చెయ్యి చాపుతారు. సంభాషణ సాధారణంగా ఇలా నడుస్తుంది:

"అమ్మా, కార్డు ట్యాప్ చేస్తాను, ఫోన్లో ఉంది."

"స్కానర్ అదిగో సార్."

"స్కాన్ కాదమ్మా, మిషన్‌లో అమౌంట్ కొట్టి ఇవ్వు, ఫోన్ దాని మీద పెడతాను."

"పెడితే పడతాయా?"

"పడతాయి. కార్డు ట్యాప్ చేసినట్టే. నువ్వు సేల్ అని కొట్టు."

ఇంతకంటే వివరించే పని లేదు. అమ్మాయి పక్కనున్న అన్నని పిలిస్తే పిలవనివ్వండి. వాళ్ల దృష్టిలో మీరు చేస్తున్నది మామూలు కార్డు లావాదేవీయే. మిషన్‌లో వేరే మెనూ ఏదీ వెతకాల్సిన పని లేదు.

మొత్తం కొట్టాక మిషన్ స్క్రీన్ మీ వైపు తిప్పమని అడిగి, అంకె చదవండి. ఇది మొహమాటపడే చోటు కాదు. చాలా మిషన్లలో పైసలతో సహా కొట్టాలి. నాలుగు వందల యాభై రావాలంటే 450 తర్వాత రెండు సున్నాలు. తొందరలో ఇంకో సున్నా పడితే అది నాలుగు వేల అయిదు వందలవుతుంది. అయిదు వేలలోపు కాబట్టి పిన్ కూడా అడగకపోవచ్చు, టక్కున కట్ అయిపోతుంది. పిన్ కొట్టేటప్పుడు మనం ఎలాగూ ఒక క్షణం ఆగి అంకె చూస్తాం. ట్యాప్‌లో ఆ ఆగడం ఉండదు కాబట్టి మీరే ఆగాలి.

అంకె సరిగ్గా ఉంటే ఫోన్ అన్‌లాక్ చేయండి. గూగుల్ పే అయితే యాప్ తెరవాల్సిన పని కూడా లేదు, స్క్రీన్ వెలిగి లాక్ తీసి ఉంటే చాలు. శాంసంగ్ వాలెట్ అయితే కింద నుంచి పైకి జరిపి వేలిముద్ర వేయాలి. ఇప్పుడు ఫోన్ వీపు భాగాన్ని ఆ గుర్తుకి ఆనించండి. యాంటెన్నా చాలా ఫోన్లలో కెమెరా చుట్టుపక్కల ఉంటుంది, కొన్నిట్లో వీపు మధ్యలో. ఆనించి రెండు సెకన్లు కదపకుండా ఉంచండి. కార్డు గీసినట్టు గీయొద్దు, టపటపా కొట్టొద్దు. బీప్ వస్తుంది, మిషన్ మీద పచ్చ లైట్లు వెలుగుతాయి, ఫోన్లో టిక్కు మార్కు కనిపిస్తుంది.

ఫోన్లో టిక్కు వచ్చిందని వెళ్లిపోకండి. ఫోన్ తన వంతు సమాచారం ఇచ్చేసిందని మాత్రమే ఆ టిక్కు చెబుతుంది. డబ్బు కదిలిందో లేదో చెప్పాల్సింది మిషన్. స్క్రీన్ మీద అప్రూవ్డ్ అని వచ్చి, చీటీ బయటికి రావాలి. తర్వాత బ్యాంకు మెసేజ్ వస్తుంది.

చీటీ మీద కార్డు చివరి నాలుగంకెలు మీ కార్డువి కాకపోవచ్చు. గాభరా పడొద్దు. అది ఇందాక చెప్పిన టోకెన్ నంబర్. యాప్‌లో మీ కార్డు బొమ్మ మీద నొక్కితే ఆ అంకెలు కనిపిస్తాయి.

అయిదు వేలు దాటితే

పిన్ లేకుండా కట్టగలిగే పరిమితి మొదట రెండు వేలు ఉండేది. 2021 జనవరి 1 నుంచి అయిదు వేలు చేశారు. అంతకు మించితే ట్యాప్ చేశాక మిషన్ పిన్ అడుగుతుంది. ఇక్కడ కొట్టాల్సింది ఏటీఎంలో వాడే కార్డు పిన్, యూపీఐ పిన్ కాదు. స్కాన్ చేసి చేసి యూపీఐ పిన్ మాత్రమే నోటికి వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. తప్పు పిన్ వరసగా కొడితే కార్డు ఆ రోజుకి బ్లాక్ అయి కూర్చుంటుంది. పట్టుచీరల బిల్లుకి వెళ్లేముందు కార్డు పిన్ గుర్తుందో లేదో చూసుకోండి. కొన్నిసార్లు చిన్న మొత్తానికి కూడా మిషన్ పిన్ అడుగుతుంది, అది బ్యాంకు ఇష్టం. పిన్ కొట్టేటప్పుడు రెండో చెయ్యి అడ్డం పెట్టండి.

పడకపోతే

మొదట చూడాల్సింది ఫోన్ కవర్. మ్యాగ్నెట్ రింగ్ ఉన్నవి, వెనక లోహపు పలక అతికించినవి ఎన్ఎఫ్‌సీకి అడ్డం. పుస్తకంలా తెరుచుకునే కవర్లో ఏటీఎం కార్డులు పెట్టుకునే అలవాటు మన దగ్గర ఉంది. అప్పుడు మిషన్‌కి ఫోన్ బదులు ఆ కార్డు తగిలి, డబ్బు దాన్నుంచి పోవచ్చు, లేదా ఏదీ తీసుకోకుండా ఎర్రర్ ఇవ్వొచ్చు. కార్డులు తీసేసి ఆనించండి.

తర్వాత ఎన్ఎఫ్‌సీ ఆన్‌లో ఉందా, బ్యాటరీ సేవింగ్‌లో ఆఫ్ అయిందా చూడండి. కార్డు పరిమితి దాటిందేమో చూడండి. ఇవన్నీ సరిగ్గా ఉన్నా పడకపోతే తప్పు మిషన్‌ది కావొచ్చు. వాళ్లకి కాంటాక్ట్‌లెస్ ఆన్ చేసి ఉండదు, లేదా మిషన్‌లోని సిమ్‌కి నెట్‌వర్క్ లేదు.

ఈ నెట్‌వర్క్ విషయంలో అపోహ ఉంది. ట్యాప్ చేసే క్షణాన మీ ఫోన్‌కి నెట్ అక్కర్లేదు, బ్యాంకుతో మాట్లాడేది మిషన్. అందుకే సెల్లార్‌లోనూ పడుతుంది. కానీ మిషన్‌కి నెట్ కావాలి. రొట్టెల పండగ రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు చుట్టూ జనం నిండినప్పుడు మీ ఫోన్‌కి అందని సిగ్నల్ పక్క దుకాణం మిషన్‌కి మాత్రం ఎక్కడినుంచి వస్తుంది? ఆ రోజుల్లో నోట్లు తీసుకెళ్లడమే మేలు. ఇంకోటి, చాలాకాలం నెట్ లేకుండా ట్యాప్ మీద ట్యాప్ చేస్తూ పోతే ఒక దశలో యాప్ ఆగి, ఒకసారి నెట్‌కి కలపమంటుంది.

అసలు చిక్కు, డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చి మిషన్‌లో ఫెయిల్ అని చూపించినప్పుడు. వెంటనే రెండోసారి ట్యాప్ చేయకండి. మిషన్ నుంచి ఫెయిల్ అయిన చీటీ తీయించుకోండి. ఆ చీటీ లేకుండా కౌంటర్ వదలొద్దు. బిల్లు నగదుతో కట్టి వచ్చేయండి. ఇలాంటి సొమ్ము అయిదు రోజుల్లో దానంతటదే వెనక్కి రావాలనీ, అది దాటితే రోజుకి వంద రూపాయల చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలనీ రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో చెప్పింది. పరిహారం కోసం ప్రత్యేకంగా అడగాల్సిన అవసరం లేకుండా ఇవ్వాలి. అయినా ఆరో రోజు బ్యాంకు యాప్‌లో ఫిర్యాదు పెట్టి నంబర్ తీసుకోండి. బ్రాంచికి వెళ్లి అడిగితే షాపువాళ్లని అడగమంటారు, షాపువాళ్లు బ్యాంకునే అడగమంటారు. చీటీ ఉంటే ఈ తిప్పట తగ్గుతుంది.

వస్తువు వాపసు ఇచ్చేటప్పుడు

దీని గురించి ఎవరూ ముందు చెప్పరు. ఫోన్‌తో ట్యాప్ చేసి కొన్న వస్తువుని వాపసు ఇస్తే డబ్బు ఆ టోకెన్ మీదే తిరిగి రావాలి. కాబట్టి కొన్న ఫోన్‌నే తీసుకెళ్లండి. కౌంటర్‌లో కార్డు చివరి నాలుగంకెలు అడిగితే చీటీ మీదున్నవి చెప్పండి, ప్లాస్టిక్ కార్డు మీదున్నవి కాదు. అవి కలవక "ఇది మీ కార్డు కాదు సార్" అని వాదించే అవకాశం ఉంది. ఒక్కోసారి మళ్లీ ట్యాప్ చేయమంటారు. అప్పుడు మిషన్‌లో రిఫండ్ అని ఉందో, సేల్ అని ఉందో చూసి ఆనించండి. కావలి, సింగరాయకొండ లాంటి చోట్ల నుంచి బస్సెక్కి నెల్లూరు, ఒంగోలు వచ్చి బట్టలు కొనేవాళ్లు చీటీని బిల్లుకి పిన్ను కొట్టి ఉంచుకుంటే రెండో ప్రయాణం వృథా కాదు.

ఎవరైనా జేబుకి మిషన్ ఆనిస్తే?

బస్టాండు రద్దీలో ఎవడో మిషన్ తెచ్చి జేబుకి ఆనించి డబ్బు లాగేస్తాడని వాట్సాప్‌లో వీడియోలు తిరుగుతుంటాయి. ఫోన్ విషయంలో ఇది భయపడాల్సిన సంగతి కాదు. లాక్ తీయకపోతే అది డబ్బు ఇవ్వదు. ఆ భయం ఏమైనా ఉంటే పర్సులోని ప్లాస్టిక్ కార్డు గురించి ఉండాలి. దానికి లాక్ లేదు, అయిదు వేల లోపు పిన్ అడగదు. కార్డు పోయినప్పుడు దొరికినవాడికి అది నోట్లకట్టే. ప్లాస్టిక్ కార్డు వాడకం తక్కువైతే దాని కాంటాక్ట్‌లెస్ పరిమితి బ్యాంకు యాప్‌లో తగ్గించి ఉంచండి.

కొత్తగా వస్తున్న మోసం ఇంకొకటి ఉంది. బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేసి, ఒక యాప్ వేయించి, "మీ కార్డుని మీ ఫోన్ వెనక ఆనించి పిన్ కొట్టండి, వెరిఫికేషన్" అంటారు. మీ ఫోన్ మీ కార్డుని చదివి అవతలివాడికి పంపేస్తుంది. మీ కార్డుని మీ ఇంట్లో మీ ఫోన్‌కి ఆనించమని ఫోన్ చేసి అడిగే బ్యాంకు లేదు. అలా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకి చెప్పి కార్డు బ్లాక్ చేయించండి. ఎంత తొందరగా చెబితే మీ మీద పడే నష్టం అంత తగ్గుతుంది.

యూపీఐలోనే ట్యాప్

కార్డులతో పని లేనివాళ్లకి ఇదొకటి ఉంది. 2023 సెప్టెంబరులో యూపీఐకి కూడా ట్యాప్ తెచ్చారు. ఎన్ఎఫ్‌సీ ఉన్న క్యూఆర్ అట్టకి ఫోన్ ఆనిస్తే యాప్ తెరుచుకుని వ్యాపారి పేరు వస్తుంది, మిగతాదంతా మామూలుగానే. మన జిల్లాల కొట్లలో ఇలాంటి అట్ట కోసం వెతుక్కుంటూ తిరగమని మాత్రం సలహా ఇవ్వను.

దానికంటే యూపీఐ లైట్ పెట్టుకోండి. ఎన్ఎఫ్‌సీ లేని ఫోన్‌లోనూ నడుస్తుంది. ఒకసారి పిన్ కొట్టి కొంత డబ్బు అందులో వేసుకుంటే, చిన్న చెల్లింపులకి స్కాన్ చేయగానే పిన్ లేకుండా వెళ్లిపోతుంది. అయిదు వేల దాకా వేసుకోవచ్చు, ఒకసారికి వెయ్యి దాకా కట్టొచ్చు. చిన్న మొత్తాలకి బ్యాంకు సర్వర్‌ని ప్రతిసారీ కదిలించాల్సిన పని ఉండదు కాబట్టి ఫెయిల్ అవడం కూడా తక్కువ. ఇంట్లో పెద్దవాళ్లకి నేనైతే ట్యాప్ కంటే ముందు ఇది పెట్టిస్తాను, అందులో అయిదు వందలు వేసి. ఫోన్ ఎవరి చేతిలో పడినా పోయేది ఆ అయిదు వందలే.

ఫోన్ పోయినా, మార్చినా

ఫోన్ పోతే వేరే ఎవరి ఫోన్ నుంచైనా మీ గూగుల్ ఖాతాలోకి వెళ్లి, పోయిన ఫోన్‌ని లాక్ చేసి, సమాచారం చెరిపేయొచ్చు. బ్యాంకుకి ఫోన్ చేసి ఆ ఫోన్లోని టోకెన్ తీసేయమని చెబితే ప్లాస్టిక్ కార్డు బ్లాక్ చేయకుండానే అది ఆగిపోతుంది. ఈ తేడా కస్టమర్ కేర్‌లో మీరే అడగాలి, లేకపోతే వాళ్లు కార్డంతా బ్లాక్ చేసి కొత్తది పోస్టులో పంపుతామంటారు.

ఎక్స్ఛేంజ్‌లో పాత ఫోన్ ఇచ్చేటప్పుడు మొబైల్ షాపు అబ్బాయి రీసెట్ చేస్తానంటాడు. వాడికి ఫోన్ ఇవ్వకముందే యాప్ తెరిచి ఒక్కో కార్డునీ తీసేయండి, తర్వాత రీసెట్ మీరే నొక్కండి. కొత్త ఫోన్లో కార్డులు వాటంతటవి రావు. మళ్లీ ఎక్కించుకోవాలి, మళ్లీ ఓటీపీ వస్తుంది. సిమ్ పాత ఫోన్లోంచి తీసి కొత్తదాంట్లో వేశాకే మొదలుపెట్టండి.